నోటి క్యాన్సర్: ఇంటా వంటా ఉన్నదెంత, నోట్లో పెట్టుకున్నదెంత

బయాప్సీ రిపోర్టు చేతికి అందాక గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన కుటుంబాలు చికిత్స గురించి అడగడానికి ముందే వంశం గురించి అడుగుతాయి. "మా ఇంటా వంటా లేదు డాక్టరమ్మా, ఈయనకెట్లా వచ్చింది?" అంటుంది భార్య. "మా తాత తొంభై ఏళ్ళు బతికాడు, పోయేదాకా చుట్ట వదల్లేదు, ఆయనకు రానిది మా నాన్నకెందుకు వచ్చింది మేడమ్?" అంటాడు కొడుకు. కాసేపు తటపటాయించి, తల్లి అటు వెళ్ళాక, "నాక్కూడా వస్తుందా?" అనీ అడుగుతాడు. ఓరల్ పాథాలజీ చదివి, డెంటల్ కాలేజీలో పాఠాలు చెబుతూ, స్లైడ్లు చూసి రిపోర్టులు రాసే వృత్తిలో ఉన్నదాన్ని కనుక ఈ ప్రశ్నలకు వరండాలో నిలబడి నాలుగు ముక్కల్లో జవాబు చెప్పడమే గాని, తీరిగ్గా కూర్చుని వివరించే వీలు చిక్కదు. ఆ వివరం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కొడుకు అడిగినది అమాయకపు ప్రశ్న కాదు, శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వేసుకుంటున్న ప్రశ్నే. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో వయోజనుల్లో 28.6 శాతం మంది, అంటే దాదాపు 26.7 కోట్లమంది, ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పెదవి, నోటి క్యాన్సర్లు కొత్తగా బయటపడేది 2020 అంచనాల ప్రకారం ఏడాదికి సుమారు 1.35 లక్షల మందిలో. అది చాలా పెద్ద సంఖ్య, అందులో నివారించదగినది అత్యధికం. అయినా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒకే పొలంలో పనిచేసి, ఒకే కొట్లో ఖైనీ కొనుక్కున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి మరొకరికి ఎందుకు రాలేదన్న సందేహం కలగడం సహజం. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమున్న ఊళ్ళో, నాటు పొగాకూ వర్జీనియా పొగాకూ పండిన నేలమీద, ఈ సందేహం లేని ఇల్లు అరుదు.

మనిషికీ మనిషికీ తేడా ఎక్కడ రావచ్చో చెప్పాలంటే విషం మన ఒంట్లో నడిచే దారి తెలియాలి. పొగలో ఉండే బెంజోపైరీన్ వంటి పదార్థం తనంత తానుగా డీఎన్ఏను పట్టుకోలేదు. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపే ప్రయత్నంలో సీవైపీ1ఏ1 వంటి ఎంజైములు దాని రూపం మారుస్తాయి, మారిన ఆ రూపమే డీఎన్ఏకు అతుక్కునే అసలు విషం. పొగాకు ఆకును ఆరబెట్టి, మాగబెట్టి, నిల్వచేసే క్రమంలో పుట్టే నైట్రోసమైన్ల సంగతీ ఇంతే, వాటిని రేపేది సీవైపీ2ఏ6 మొదలైన ఎంజైములు. ఇక రెండో వరుసలో గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజులనే ఎంజైములుంటాయి. ఇవి ఆ విషానికి గ్లూటాథయోన్ అణువును తగిలించి, నీటిలో కరిగేలా చేసి, ఒంట్లోంచి సాగనంపుతాయి. వీటిని కూడా తప్పించుకుని విషం డీఎన్ఏను దెబ్బతీస్తే, ఎక్స్ఆర్‌సీసీ1 వంటి జన్యువులు తయారుచేసే మరమ్మతు ప్రోటీన్లు ఆ దెబ్బను సరిచేస్తాయి. మరమ్మతు కుదరనప్పుడు టీపీ53 అనే జన్యువు ఆ కణాన్ని విభజన కాకుండా ఆపుతుంది, లేదా చంపేస్తుంది. ఈ నాలుగు మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా జన్యువుల్లో చిన్నచిన్న తేడాలున్నాయి. రేపే ఎంజైము చురుకుగానూ, సాగనంపే ఎంజైము మందకొడిగానూ ఉన్న మనిషికి అదే పొగాకు ఎక్కువ నష్టం చేయాలన్నది ఈ పరిశోధనలన్నిటి వెనక ఉన్న ఆలోచన. ఆలోచన సరైనదే, తూకమే చూడాలి.

అన్నిటికంటె ఎక్కువగా పరిశీలించింది, సాగనంపే ఆ గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజుల్లో ఒకదాన్ని తయారుచేసే జీఎస్‌టీఎం1 అనే జన్యువును. ఇందులో తేడా ఒక అక్షరం మారడం వంటిది కాదు. కొందరిలో ఆ జన్యువు మొత్తమే ఉండదు. యూరప్ ప్రజల్లో దాదాపు సగం మందికి లేదు, మన దేశంలో లేనివారి శాతం అంతకంటె తక్కువ. పీజీ విద్యార్థులు థీసిస్ కోసం ఈ పరీక్ష చేస్తుండగా నేను దగ్గరుండి చూశాను. రక్తంలోంచి తీసిన డీఎన్ఏలో మూడు జన్యువుల ముక్కలను ఒకే గొట్టంలో పీసీఆర్ పద్ధతిలో పెంచి, అగరోజ్ జెల్ గుంటల్లో పోసి కరెంటు పెడతారు. తరువాత చీకటిగదిలో అతినీలలోహిత దీపం మీద ఆ జెల్‌ను పెడితే, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస చొప్పున నారింజ రంగు గీతలు మెరుస్తాయి. పైన 480 బేస్ జతల (డీఎన్ఏ ముక్క పొడవుకు కొలత) దగ్గర అదే కుటుంబపు జీఎస్‌టీటీ1, మధ్యన 350 దగ్గర అల్బుమిన్, కింద 215 దగ్గర జీఎస్‌టీఎం1. అల్బుమిన్ గీత అందరికీ ఉండి తీరాలి, అది లేదంటే పరీక్షే పాడైందని అర్థం. అది చక్కగా మెరుస్తూ, కింది గీత ఉండవలసిన చోటు ఖాళీగా ఉంటే, ఆ మనిషికి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ జన్యువు రాలేదన్నమాట. ఒక్కరి నుంచి వచ్చినా గీత కనిపిస్తుంది. చూడముచ్చటైన పరీక్ష, చేతికి స్పష్టమైన జవాబు ఇస్తుంది. కానీ ఆ జెల్ మీద రోగుల వరుసల్లో ఎలా ఖాళీలున్నాయో, పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల వరుసల్లోనూ అలాగే ఖాళీలుంటాయి. పేర్లు దాచి జెల్ మాత్రమే చూపించి, వీరిలో క్యాన్సర్ ఎవరికి ఉందో చెప్పమంటే నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

ఇటువంటి అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కలు కట్టినప్పుడు జీఎస్‌టీఎం1 లేనివారిలో నోటి క్యాన్సర్ ప్రమాదం కొద్దిగా ఎక్కువని తేలుతోంది, ఆసియా దేశాల్లో ఆ తేడా మరికాస్త కనిపిస్తోంది. విడివిడిగా చూస్తే మాత్రం ఒక ఊళ్ళో ఉందన్న సంబంధం మరో ఊళ్ళో లేదు. ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. యాభై మంది రోగులను, యాభై మంది ఆరోగ్యవంతులను తీసుకుని, ఆ ఆరోగ్యవంతుల్లో పొగాకు అలవాటున్నవారు ఎందరో సరిగ్గా రాసుకోకుండా, జన్యువు ఒక్కటే లెక్కపెడితే వచ్చే అంకెకు విలువ స్వల్పం. అలవాటు లేని కాలేజీ కుర్రవాళ్ళను పోలికకు తీసుకుని, అరవై ఏళ్ళ చుట్ట పొగతో పోల్చి, తేడా జన్యువుదని రాసిన థీసిస్‌లను మనం ఇకనైనా ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం. మరోవైపు పెద్ద ఎత్తున జరిగిన పని కూడా ఉంది. 2016లో యూరప్, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికాలకు చెందిన 6,034 మంది నోటి, గొంతు క్యాన్సర్ రోగుల జన్యువులను 6,585 మంది ఇతరులతో పోల్చి చూసినప్పుడు సంబంధమున్న చోట్లు ఎనిమిది బయటపడ్డాయి. వాటిలో నోటి క్యాన్సర్‌కు సంబంధించిన రెండు, ఐదో క్రోమోజోము మీదా తొమ్మిదో క్రోమోజోము మీదా ఉన్నవి, ఇతర క్యాన్సర్ల విషయంలో ముందే తెలిసినవి. ఇవన్నీ నమ్మదగినవే, అయితే ఒక్కొక్కటీ మార్చే ప్రమాదం చాలా కొద్ది. ఇంకో సంగతి, ఆ అధ్యయనంలో మన దేశం లేదు. మద్యాన్ని విరిచే ఎంజైముల్లో తేడాల ప్రభావం కూడా నిజమే గాని, అందులో పేరుపొందిన ఏఎల్‌డీహెచ్2 తేడా తూర్పు ఆసియాలో ఎక్కువ, మనలో అరుదు.

ఇప్పుడు అవతలి తక్కెడలో ఉన్నదేమిటో చూడాలి. 2014లో భారత ఉపఖండపు అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణలో, పొగాకు లేని కిళ్ళీ నమిలేవారికి నోటి క్యాన్సర్ ప్రమాదం సుమారు రెండున్నర రెట్లు, పొగాకు కలిపిన కిళ్ళీ నమిలేవారికి ఏడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. అంకెలకంటె నన్ను ఎక్కువగా ఒప్పించేది నోరే. పొగాకు ఏ దవడన పెట్టుకుంటారో పుండు సాధారణంగా ఆ దవడనే లేస్తుంది. రోగి నోరు తెరవకముందే "పొగాకు కాడ ఏ పక్కన పెట్టుకుంటారు బాబాయ్?" అని అడిగి, ఆయన వేలు చూపించిన పక్కనే అద్దం పెట్టి చూడటం మా దగ్గర కొత్తగా చేరిన విద్యార్థికి కూడా మొదటి వారంలో అలవాటైపోతుంది. ఆయన జన్యువులు కుడి బుగ్గలోనూ ఎడమ బుగ్గలోనూ ఒకటే కదా!

దీనికి మన రాష్ట్రమే ప్రపంచానికి చూపించిన రుజువు మరొకటి ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటును అడ్డపొగ అంటారు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా తదితరులు ఆ ప్రాంతపు గ్రామాల్లో 10,169 మంది అంగిళ్ళు పరీక్షించి రాసిన వ్యాసం ఈనాటికీ మా పాఠ్యపుస్తకాల్లో ఉంది. గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం ప్రపంచంలో మరెక్కడైనా అరుదైతే, నిప్పూ పొగా నేరుగా తగిలే ఆ అంగిళ్ళ మీద అది తరచుగా కనిపించింది. చుట్ట తిప్పి పెట్టుకుంటే జబ్బు అంగిలికి పోయింది, కాడ దవడన పెట్టుకుంటే బుగ్గకూ చిగురుకూ వచ్చింది, సిగరెట్టూ మద్యమూ కలిసిన పాశ్చాత్య దేశాల్లో నాలుక పక్కలకూ నాలుక కిందికీ చేరింది. వంశమే ప్రధానమైతే జబ్బు ఇలా అలవాటు వెంట చోటు మారదు.

వక్క సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే పొగాకు ముట్టనివారు కూడా దాన్ని నిర్భయంగా నములుతారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వక్కను, పొగాకు కలపని కిళ్ళీని కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. వక్కలోని అరెకోలీన్, దానితోపాటు ఉండే రాగి, బుగ్గ పొర కింద కొల్లాజెన్ అనే నార ప్రోటీన్ పోగుపడి గట్టిపడేలా చేస్తాయి. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఆ జబ్బు మొదటి లక్షణం నోటి మంట. గుంటూరు మనిషి గోంగూర పచ్చడి ముద్ద పక్కకు తోసి, పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాడని భార్య చెబితే నేను కారాన్ని తప్పుపట్టను, జేబులో ఏముందని అడుగుతాను. చాలాసార్లు వక్కపొడి పొట్లమో గుట్కా పొట్లమో బయటికి వస్తుంది. తరువాత మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టించమంటే రెండే పడతాయి, బుగ్గ లోపల వేలితో తడిమితే తాళ్ళలా గట్టి పట్టీలు తగులుతాయి. ఎర్నాకుళంలో ఇటువంటి రోగులను 17 ఏళ్ళపాటు గమనించినప్పుడు వారిలో 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. మిగతావారికి రాలేదు కదా అన్నప్పుడు మళ్ళీ జన్యువుల ప్రశ్న లేస్తుంది, లేవాలి కూడా. కాని ఆ పట్టీలు వేసింది మాత్రం జన్యువు కాదు.

రిపోర్టుల్లో 'మ్యుటేషన్' అన్న మాట చూసి కుటుంబాలు బెంబేలెత్తడం ఈ మధ్య ఎక్కువైంది. "మా నాన్నకు టీపీ53 చెడిపోయిందని రాశారు, పిల్లలకు కూడా చూపించాలా?" అని అడుగుతారు. కణితిలో కనిపించే మార్పులు దాదాపుగా అన్నీ ఆ కణాల్లోనే, ఆ మనిషి బతికిన కాలంలోనే, పొగాకు దెబ్బలకూ వయసుకూ పుట్టినవి, అవి పిల్లలకు పోవు. ఈ తేడాను తేల్చడానికే కణితి డీఎన్ఏను అదే మనిషి రక్తంలోని డీఎన్ఏతో పోలుస్తారు. మన దేశపు చిగురు, బుగ్గ క్యాన్సర్ల మీద కల్యాణిలోని జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ, నవీ ముంబయిలోని క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ఈ పద్ధతిలోనే జరిగింది. టీపీ53, కాస్ప్8, నాచ్1 వంటి తెలిసిన జన్యువులతోపాటు, మన రోగుల కణితుల్లో తరచుగా మారుతున్న యూఎస్‌పీ9ఎక్స్, ఏఆర్ఐడీ2 వంటివి అందులో బయటపడ్డాయి. మన నేలమీది క్యాన్సర్‌ను మన శాస్త్రవేత్తలే విప్పి చూపిన పని అది, విద్యార్థులకు చెప్పేటప్పుడు నాకు గొంతు పెరుగుతుంది.

వంశం మాట నిజంగా ప్రాణాల మీదికి వచ్చే చోటు ఒకటుంది, అక్కడ మాత్రం మాలో చాలామంది అడగటం మరిచిపోతారు. ఇరవై, ముప్ఫై ఏళ్ళ మనిషి, పొగాకూ వక్కా మద్యమూ ఎరగని మనిషి, నాలుక మీద క్యాన్సర్‌తో వచ్చినప్పుడు, "తల్లిదండ్రులది మేనరికమా?" అని అడిగి తీరాలి. ఫాంకోనీ అనీమియా అనే అరుదైన జబ్బులో డీఎన్ఏ మరమ్మతు చేసే జన్యువుల్లో ఒకటి, చాలావరకు తల్లి వైపునుంచీ తండ్రి వైపునుంచీ కూడా, చెడిపోయి వస్తుంది. అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నదే కనుక, ఒకే తాతముత్తాతల నుంచి ఒకే లోపం రెండు వైపులా దిగివచ్చే అవకాశం మనవారిలో ఎక్కువ. ఈ జబ్బున్నవారికి తల, మెడ ప్రాంతపు క్యాన్సర్ల ప్రమాదం మామూలు జనంకంటె 500 నుంచి 700 రెట్లు ఎక్కువని అంచనా. పొట్టిగా ఉండటం, బొటనవేలు సరిగ్గా ఏర్పడకపోవడం, ఒంటిమీద పాలకాఫీ రంగు మచ్చలు, చిన్నప్పటి నుంచీ రక్తకణాలు తక్కువగా ఉండటం దీని గుర్తులు, అయితే కొందరిలో ఈ గుర్తులేవీ పైకి కనిపించకుండా క్యాన్సరే మొదట బయటపడుతుంది. రక్తకణాలను మైటోమైసిన్ వంటి మందుతో కలిపి పెంచి, క్రోమోజోములు విరుగుతున్నాయేమో చూసే పరీక్షతో జబ్బు తేలుతుంది.

ఇది చికిత్సకు ముందే తెలియాలి. మరమ్మతు చేసుకోలేని ఒంటికి మామూలు మోతాదు రేడియేషన్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఇస్తే ఎముక మజ్జ కుప్పకూలుతుంది, నోరూ గొంతూ పుండ్లుపడి మనిషి చికిత్సకే బలయ్యే ప్రమాదముంది. అందువల్ల వారికి వీలైనంతవరకు ఆపరేషన్ మీదే ఆధారపడతారు. తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి. కేసు షీటులో అలవాట్ల గడి పక్కన మేనరికం గడి కూడా ఉండాలని నేను కాలేజీలో పట్టుబట్టింది ఇందుకే. ఆ గడిని ఖాళీగా వదిలి తెచ్చిన షీటును నేను వెనక్కి పంపుతాను.

ఒకే జన్యువు తీర్పు చెప్పే జబ్బులు మనకు కొత్త కాదు. ఒక సామాజిక వర్గంలోనే తరతరాలుగా పెళ్ళిళ్ళు జరగడం వల్ల కొన్ని లోపాలు ఆ వర్గంలో పోగుపడతాయని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలు చూపించాయి. మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండరాల మందు కొన్ని కుటుంబాలవారికి గంటల తరబడి దిగకపోవడం దీనికి ఉదాహరణ, అక్కడ బీసీహెచ్ఈ అనే ఒక్క జన్యువు చాలు. మామూలు నోటి క్యాన్సర్ అటువంటిది కాదు. అందులో బరువు కొద్దికొద్దిగా ఎన్నో జన్యువుల మీద పరుచుకుని ఉంటుంది, ఆ కొద్ది బరువు కూడా చాలావరకు పొగాకో వక్కో నోటికి తగిలినప్పుడే పనిచేస్తుంది. సాగనంపే ఎంజైము లేకపోవడం సాగనంపవలసిన విషం వచ్చినప్పుడే కదా లోటు.

ఉమ్మి సీసాలో పంపితే చాలు, క్యాన్సర్ ప్రమాదం చెబుతామనే ప్రకటనలు ఇప్పుడు విజయవాడలో, గుంటూరులో కూడా కనిపిస్తున్నాయి. నోటి క్యాన్సర్ కోసం ఆ డబ్బు ఖర్చు పెట్టవద్దని నన్ను అడిగినవారికి చెబుతున్నాను. ప్రమాదం తక్కువని వస్తే ఖైనీకి అనుమతి పత్రం దొరికినట్టు భావిస్తారు, ఎక్కువని వస్తే మానతారనుకోవడానికీ ఆధారం లేదు. జన్యు ప్రమాదం తెలియజేసినందువల్ల పొగతాగడం మానడం వంటి అలవాట్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది.

ఇక "నాక్కూడా వస్తుందా?" అన్న ఆ కొడుకు ప్రశ్న. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి తల, మెడ ప్రాంతపు క్యాన్సర్ ఉంటే ప్రమాదం సుమారు 1.7 రెట్లని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన లెక్క చెబుతోంది. అందులో రక్తం పంచుకున్న వాటా కొంత, ఒకే ఇంట్లో అలవాట్లు పంచుకున్న వాటా కొంత. ఆ కొడుకు పొగాకు వాడకపోతే అతని సొంత ప్రమాదం తక్కువ, ఆ తక్కువకు 1.7 రెట్లన్నా తక్కువే. వాడుతుంటే, మానిన 1 నుంచి 4 ఏళ్ళలోపే ప్రమాదం తగ్గడం మొదలవుతుంది, పొగ మాని 20 ఏళ్ళు దాటేసరికి ఎన్నడూ తాగనివారి స్థాయికి దగ్గరవుతుంది. ఏ జన్యువు ఉన్నవారికైనా వర్తించే లెక్క ఇది. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి మంచి వెలుతురులో నోరు చూసిన అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అందులో జన్యు పరీక్ష ఏదీ లేదు. అందుకే రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన కొడుకును, తమ్ముణ్ణి, పక్కన నిలబడ్డ బావమరిదిని కూడా అదే రోజు కుర్చీలో కూర్చోబెట్టి బుగ్గలు, చిగుళ్ళు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూస్తాను. గోకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే అప్పుడే బయాప్సీకి రాస్తాను, ఏమీ లేకపోయినా అలవాటు ఉంటే మూడు నెలల్లో మళ్ళీ రమ్మని చీటీ మీద తేదీ వేసి ఇస్తాను.